ఆరో వంతు పుచ్చుకున్నాక

పంటలో ఆరో వంతు పన్నుగా పుచ్చుకుని ప్రజల్ని కాపాడని రాజుకు వాళ్ల పాపంలోనూ వాటా ఉంటుందని మహాభారతంలోని శాంతిపర్వం అంటుంది. శంషాబాద్ విమానాశ్రయంలో ఆ మాటే గుర్తొచ్చింది. టికెట్టులోనే భద్రతా రుసుము కట్టాం. తెర వెనక భద్రతా దళం సీఐఎస్ఎఫ్ అమ్మాయి మా అత్తయ్య చేతులు చాపించి, నల్లపూసల దగ్గర డిటెక్టరు కూతపెడితే మళ్లీ తడిమింది. అత్తయ్య మొహం చిన్నబోయింది. నాకు మాత్రం అది రాజధర్మమే అనిపించింది.

1999 డిసెంబరు 24న కాఠ్మాండూలో బయల్దేరిన మన విమానాన్ని హైజాకర్లు కాందహార్‌కు మళ్లించారు. ప్రయాణికుడు రూపిన్ కట్యాల్‌ను పొడిచి చంపారు. బందీల కోసం ప్రభుత్వం ముగ్గురు తీవ్రవాదుల్ని వదిలింది. ఆ తర్వాత, 2000 నుంచి, మన విమానాశ్రయాల కాపలా సీఐఎస్ఎఫ్ చేతికొచ్చింది. ప్రాణాలు పోయాక మేలుకోవడం ధర్మం అనిపించుకుంటుందా?

ఇంకో ప్రశ్న నన్ను వదలదు. 2013 ఫిబ్రవరి 21 సాయంత్రం హైదరాబాద్ దిల్‌సుఖ్‌నగర్ బస్టాపుల దగ్గర బాంబులు పేలాయి. అక్కడ నిలబడ్డవాళ్లలో కోచింగ్ సెంటర్ల పిల్లలూ ఉన్నారు. బస్సెక్కేవాడూ సబ్బు మీద, చెప్పుల మీద పన్ను కడుతూనే ఉన్నాడు. మరి అతనికి కాపలా ఏది? ప్రతి బస్టాపులో స్కానరు పెట్టమనను, అది కుదిరే పని కాదు. కానీ ఎవరిదో తెలియని సంచి కనిపించిందని ఫోను చేస్తే, పోలీసు వెంటనే రావాలని అడిగే హక్కు అతనికుంది.