మందు కలిపిన అన్నం: మానసిక చికిత్సలో నర్సు ధర్మసంకటం – ఇతిహాస, పురాణ కథల నేపథ్యంలో ఒక పరిశీలన

హైదరాబాదులో మూసాపేట మెట్రో స్టేషను నుండి అమీర్‌పేట వైపు సాగితే, భరత్‌నగర్ దాటిన తరువాత వచ్చేది ఎర్రగడ్డ. ప్రభుత్వ మానసిక చికిత్సాలయమైన ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెంటల్ హెల్త్ అక్కడ ఉండడం వల్ల ఆ స్థలనామమే ఒక జాతీయంగా స్థిరపడింది. ఎవరినైనా ‘ఎర్రగడ్డకు పంపాలి’ అంటే అది వైద్యసలహా కాదు, తిట్టు. విశాఖపట్నం ప్రాంతంలో చినవాల్తేరుకూ ఇదే గతి పట్టింది. పేరు వింటేనే జంకు పుట్టేచోట రోగిని ఆసుపత్రి గుమ్మం ఎక్కించడం సులభం కాదు. అందువల్ల కుటుంబం ముందుగా ఇంట్లోనే ఒక ఉపాయం వెతుక్కుంటుంది. మాత్రను పొడిచేసి పెరుగన్నంలోనో సాంబారులోనో కలిపి పెడుతుంది. రోగి వార్డులో చేరిన తరువాత అదే ఉపాయం అభ్యర్థనగా మారి నర్సు ముందుకు వస్తుంది: “మీరు కూడా అట్లనే కలిపి పెట్టండి సిస్టర్, చెప్తే తినడు.”

ఈ అభ్యర్థనకు నర్సు ఇవ్వవలసిన సమాధానమే ఈ వ్యాసానికి విషయం. ఇది వైద్యశాస్త్ర ప్రశ్నగా కనిపించినా మూలంలో సత్యాసత్యాలకు సంబంధించిన ప్రశ్న. అబద్ధం ఎప్పుడు దోషం కాదన్న విచారణ తెలుగు పాఠకునికి ఇతిహాస, పురాణాల ద్వారా చిరపరిచితమే. అయితే ఆ కథల్లో ఏది ఈ సందర్భానికి వర్తిస్తుందన్న ఎంపికలోనే సాధారణంగా పొరపాటు జరుగుతున్నది.

మానసిక వైద్యశాలలో మందు నిర్ణయించేది వైద్యుడు. దానిని రోగి చేతిలో పెట్టేది, మింగాడో లేదో నాలుక కింద చూసేది, రాత్రి రెండు గంటలకు అతడు లేచి ‘ఇది ఏం మందు?’ అని అడిగితే జవాబు చెప్పవలసినది నర్సు. 1952లో వెలువడిన గ్రంథంలో హిల్డెగార్డ్ పెప్లౌ నర్సింగును ప్రధానంగా ఇద్దరు వ్యక్తుల మధ్య సంబంధంగా నిర్వచించింది. ఇతర విభాగాల్లో నర్సు చేతినైపుణ్యం ఎంత ముఖ్యమో, ఇక్కడ ఆమె మాట అంత ముఖ్యం. ఆ మాటే చికిత్సలో ఒక భాగం. కనుక ఆమె అబద్ధాన్ని చికిత్సకు వెలుపల జరిగిన చిన్న లౌక్యంగా పరిగణించడం కుదరదు.

మందు కలపడాన్ని సమర్థించేవారు తెలిసో తెలియకో రెండు కథల తర్కాన్ని ఆశ్రయిస్తారు. మొదటిది మహాభారత కర్ణపర్వంలోని కౌశికుని వృత్తాంతం. అడవిలో దాక్కొన్నవారి జాడను దొంగలకు ఉన్నదున్నట్లు చెప్పి, వారి చావుకు కారకుడై, సత్యవ్రతుడైన కౌశికుడు నరకానికి పోతాడు. ప్రాణాలు తీసే సత్యం కంటె ప్రాణాలు నిలిపే అసత్యమే ధర్మమని కృష్ణుడు అర్జునునికి బోధిస్తాడు. హంతకుని ఎదుట సైతం అబద్ధమాడరాదని 1797 నాటి తన వ్యాసంలో వాదించిన జర్మన్ తత్త్వవేత్త కాంట్‌కు ఇది ముందే చెప్పిన ప్రతివాదం వంటిది. రెండవది భాగవతం అష్టమస్కంధంలో శుక్రాచార్యుడు బలికి చేసిన హితవు. ప్రాణానికో మానానికో ముప్పు వచ్చినప్పుడు బొంకడం పాపం కాదని ఆయన మినహాయింపుల పట్టిక చదువుతాడు. బలి దానిని తిరస్కరిస్తాడన్న సంగతిని మాత్రం ఈ తర్కాన్ని వాడుకొనేవారు అంతగా గుర్తుంచుకోరు.

ఈ రెండు కథల్లోనూ అబద్ధం వినేవాడెవడు? కౌశికుని ముందున్నవాడు దొంగ. శుక్రుని దృష్టిలో వామనుడు సర్వస్వం అపహరించడానికి వచ్చిన మాయావి. రెండుచోట్లా వంచించబడేవాడు ప్రతిపక్షి, కాపాడబడేవారు వేరు. మందు కలిపిన అన్నం విషయంలో వంచించబడేవాడూ, కాపాడబడేవాడూ ఒక్కడే. పైగా కౌశికుడు ఒక్కసారి అబద్ధమాడితే సరిపోయేది. నర్సు పూటపూటకూ, వారాల తరబడి ఆడాలి. కనుక కర్ణపర్వపు మినహాయింపు ఇక్కడికి రాదు.

ఇక్కడ తలచుకోవలసినది ద్రోణపర్వం. కొడుకు చనిపోయాడన్న మాటను భీముని నోట విన్నప్పుడు ద్రోణుడు నమ్మడు. ధర్మరాజును అడుగుతాడు. ఆయన అబద్ధమాడడన్న నమ్మకమే ఆ ప్రశ్నకు కారణం. ధర్మరాజు సగం మాట గట్టిగా, సగం మాట మెల్లగా పలుకుతాడు. అంతవరకు నేలకు నాలుగంగుళాల ఎత్తున నడిచిన ఆయన రథం నేలకు దిగుతుంది. వార్డులో రోజూ వినిపించే ‘ఇది బలానికి గోలీ’, ‘నిద్రకు ఇచ్చే మాత్ర, అంతే’ అన్న మాటలు ఈ జాతికి చెందినవే. అందులో కొంత నిజం లేకపోలేదు. అనేక మనోవ్యాధి ఔషధాలు నిద్ర కలిగించే మాట వాస్తవమే. ఇంట్లో వారినీ, పక్కింటి వారినీ, చివరకు వైద్యుని కూడా అనుమానించే రోగి నర్సును మాత్రం ‘ఇందులో ఏం కలిపారక్కా?’ అని అడిగాడంటే, అది ద్రోణుడు ధర్మరాజును అడిగిన ప్రశ్నతో సమానం. నమ్మకం మిగిలి ఉన్న ఒకే ఒక చోటు అది.

ఈ వ్యాధి స్వభావం వల్ల మరొక చిక్కు ఏర్పడుతుంది. స్కిజోఫ్రీనియా వంటి వ్యాధుల్లో ‘నా అన్నంలో ఏదో కలుపుతున్నారు’ అన్నది తరచుగా కనిపించే భ్రాంతి. ఆ భ్రాంతిని తొలగించడానికి అన్నంలో మందు కలిపితే భ్రాంతి కాస్తా సత్యమవుతుంది. అనుమానించిన రోగి నిజం పలికినట్లు, అనుమానం లేదని నచ్చజెప్పిన నర్సు అబద్ధం పలికినట్లు తేలుతుంది. తరువాత అతనికి నయమైనప్పుడు, ఏది భ్రాంతి, ఏది వాస్తవం అని విడదీసి చెప్పే అధికారం ఆమెకు ఏ మేరకు ఉంటుంది? అన్నం పెట్టే చెయ్యికి తెలుగు సంస్కృతిలో ఉన్న స్థానం తెలిసినవారికి ఈ నష్టం ఎంతటిదో వేరుగా చెప్పనవసరం లేదు. పెట్టిన అన్నాన్ని నమ్మలేని మనిషికి ఇల్లు ఇల్లుగా మిగలదు.

శరీరానికి సంబంధించిన ప్రమాదమూ ఉంది. లిథియం మందుగా పనిచేసే మోతాదుకూ, విషంగా మారే మోతాదుకూ మధ్య దూరం చాలా తక్కువ. అందుకే రక్తపరీక్షలు తప్పనిసరి. చేతులు వణికినా, వాంతులైనా, మాట తడబడినా రోగి వెంటనే చెప్పాలి. తాను మందు తింటున్నట్లే తెలియనివాడు దేనిని చూసి ఏమని చెబుతాడు? వణుకు ఎందుకో తెలియక, దానికి తన భ్రాంతిలోనే ఒక కారణం వెతుక్కుంటాడు.

2018 మే 29 నుండి అమలులోకి వచ్చిన 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం దాచి ఇచ్చే మందు గురించి పేరెత్తి ఏమీ చెప్పదు. కానీ దాని నడక ఎటువైపో స్పష్టం. రోగికి తన చికిత్సను గురించి నిర్ణయించుకొనే సామర్థ్యం ఉన్నదో లేదో నాలుగవ సెక్షను ప్రకారం చూడాలి. ఆ సామర్థ్యం దాదాపు పూర్తిగా లోపించినప్పుడు 89వ సెక్షను కింద రోగి తరఫున నామినేటెడ్ ప్రతినిధి తాత్కాలికంగా సమ్మతి తెలుపవచ్చు. అయితే ఆ సమ్మతిని రికార్డులో రాయాలి, ఏడేసి రోజులకు రోగి సామర్థ్యాన్ని తిరిగి పరిశీలించాలి. 97వ సెక్షను ప్రకారం రోగిని భౌతికంగా నిర్బంధించినా కారణం, పద్ధతి, వ్యవధి వెంటనే నమోదు కావాలి. 24 గంటలలోగా ప్రతినిధికి తెలియజేయాలి. సిబ్బంది కొరతను సాకుగా చూపి నిర్బంధించరాదని కూడా అదే సెక్షను అంటుంది. వార్డు నిండా రోగులుండి రాత్రి డ్యూటీలో ఒకరిద్దరే మిగిలిన నర్సులకు ఈ వాక్యం ఎంత న్యాయంగా తోస్తుందో, అంత పరిహాసంగానూ తోచవచ్చు. కొరతను తీర్చవలసినవారు వేరు, దాని బరువు మోసేవారు వేరు.

పై నిబంధనలన్నిటిలో ఉమ్మడిగా కనిపించేది ఒకటే: రోగి ఇష్టానికి విరుద్ధంగా ఏది జరిగినా అది కాగితం మీదికి రావాలి. ఈ దృష్టితో చూస్తే బహిరంగమైన బలవంతం కంటె రహస్యమైన సౌమ్యత ఎక్కువ దోషమన్న నిర్ణయానికి రాక తప్పదు. ఇది మొదట క్రూరంగా వినిపిస్తుంది. నలుగురు పట్టుకొని ఇంజెక్షను చేయడం కంటె పెరుగన్నం మేలు కాదా? చూసేవారికి మేలే. కానీ పట్టుకొని ఇంజెక్షను చేసినప్పుడు తనకేమి జరిగిందో రోగికి తెలుసు. అతడు తిట్టవచ్చు, ఫిర్యాదు చేయవచ్చు, మానసిక ఆరోగ్య సమీక్షా బోర్డుకు అర్జీ పెట్టుకోవచ్చు. పెరుగన్నానికి రిజిస్టరులో గడి లేదు. దానిపై ఫిర్యాదు చేసేందుకు రోగి బతికినంతకాలమూ అవకాశం రాకపోవచ్చు.

దీనికి బలమైన ఆక్షేపణ ఒకటి ఉంది. మూసాపేటలో రెండు గదుల అద్దె పోర్షనులో, భర్త లేదా కొడుకు కోపానికి భయపడుతూ బతికే స్త్రీకి ఈ తత్త్వవిచారం ఏం ఆసరా ఇస్తుంది? ఆమె మందు కలపకపోతే మిగిలే మార్గాలు ఏమిటి? తమిళనాడులోని ఏర్వాడిలో 2001 ఆగస్టు 6న జరిగిన అగ్నిప్రమాదంలో గొలుసులతో కట్టివేయబడి తప్పించుకోలేక 28 మంది రోగులు మరణించారు. గొలుసుకూ పెరుగన్నానికీ మధ్య ఎంచుకోవలసి వస్తే ఏ తల్లి అయినా రెండవదానినే ఎంచుకుంటుంది. ఆమెను తప్పుపట్టే అర్హత ఎవరికీ లేదు. అయితే తల్లి నిస్సహాయతలో చేసినది నర్సు వృత్తిలో పద్ధతిగా మారకూడదు. తల్లికి లేని సాధనాలు నర్సుకు ఉన్నాయి: నాలుక మీద కరిగే మాత్రలు, రెండు మూడు వారాలకో నెలకో ఒకసారి ఇచ్చే ఇంజెక్షన్లు, అన్నిటికంటె మించి, నిరాకరించిన రోగి దగ్గరకు గంట తరువాత మళ్లీ వెళ్లి కూర్చునే వీలు. మతిమరుపు వ్యాధి ముదిరిన వృద్ధుల సంగతి కొంత వేరు. అక్కడ ‘నాకు ఎందుకు చెప్పలేదు?’ అని అడిగే రోజు తిరిగి రాదు. ఎర్రగడ్డకు వచ్చే రోగుల్లో చాలామందికి ఆ రోజు వస్తుంది.

ఆ రోజును దృష్టిలో పెట్టుకొనే చట్టం అయిదవ సెక్షను ముందస్తు ఆదేశానికి చోటిచ్చింది. సామర్థ్యం ఉన్న కాలంలో, తిరిగి జబ్బు పడితే తనను ఎలా చూడాలో, ఎలా చూడరాదో ఎవరైనా రాసిపెట్టుకోవచ్చు. ఇక్కడ వంచన స్వరూపమే మారిపోతుంది. దాచి ఇవ్వమని ముందే తాను చెప్పినవాడు మోసపోయినవాడు కాడు. ఈ సంగతి రోగికి అర్థమయ్యే తెలుగులో, చట్టపు తర్జుమా భాషలో కాకుండా, డిశ్చార్జి రోజున చెప్పగలిగినది నర్సే. ఆ అరగంట దొరికితే ఒక రోగి ‘నాకు తెలియకుండానే ఇవ్వండి, తరువాత నేనేమీ అనను’ అని రాయించవచ్చు. మరొకరు ‘పట్టుకొని ఇంజెక్షను చేయండి గానీ, అమ్మ పెట్టే అన్నంలో మాత్రం కలపవద్దు’ అని రాయించవచ్చు.