ప్రభుత్వము చేసిన సంతకము – ప్రజలు మోయు భారము

ఆడిన మాట తప్పరాదని బాల్యమునుండియు మనము పిల్లలకు బోధించుచున్నాము. ఒక మనిషి వ్రాసియిచ్చిన పత్రము అతనిని బంధించుననుటలో సందేహము లేదు. కాని ఒక రాజ్యము తరపున మంత్రియో, ఉద్యోగియో సంతకము చేసినపుడు ఆ మాట ఎవరిది? ఆ పత్రమును చూడని, దానిని గూర్చి వినని, అప్పటి కింకను పుట్టని ప్రజలను అది యెట్లు బంధించును? మోసముతో పుట్టిన మాటను గూడ నిలుపుకొనుటయే ధర్మమా? వర్ధమాన దేశములు విదేశీయుల పెట్టుబడిని ఆహ్వానించుచున్న ఈ కాలమున ఇది పండితుల చర్చకు మాత్రమే పరిమితమైన ప్రశ్న కాదు. కోట్లకొలది జనుల కూటికి, నీటికి, దీపమునకు సంబంధించిన ప్రశ్న.

మొదట మాట నిలుపుకొనుట పక్షమున చెప్పవలసినది చెప్పుదము. విద్యుత్కేంద్రమో, ఓడరేవో కట్టువాడు నేడు ధనము వెచ్చించి, ఇరువది ముప్పది సంవత్సరములలో దానిని రాబట్టుకొనవలెను. కట్టిన పిమ్మట దానిని పెకలించుకొని పోజాలడు. అప్పుడు ప్రభుత్వము మారి, “పాతవారి మాటతో మాకు పని లేదు” అన్నచో అతని గతి యేమి? అట్టి దేశమునకు మరల వచ్చువాడు ఆ భయమునకు గూడ వెల కట్టి హెచ్చు లాభము కోరును. ఆ వెల చెల్లించువారు మంత్రులు కారు, ప్రజలే. కనుక రాజ్యము మాట నిలుపుకొనుట పరదేశీయునకు చేయు దయ కాదు; తన బీదలను తాను కాచుకొనుటయే.

మాట నిలుపుటయనగా సొమ్ము చెల్లించుట మాత్రమే కాదు. తగవు వచ్చినపుడు సకాలమున తీర్పు చెప్పుట గూడ. ఇందుకు మన దేశమే సాక్షి. 1989లో కోల్ ఇండియాతో ఒప్పందము చేసికొన్న వైట్ ఇండస్ట్రీస్ అను ఆస్ట్రేలియా సంస్థకు 2002లో మధ్యవర్తులు అనుకూలముగా తీర్పు చెప్పిరి. ఆ తీర్పు అమలు సంగతి మన న్యాయస్థానములలో తొమ్మిదేండ్లకు పైగా తెమలలేదు. తుదకు 2011లో అంతర్జాతీయ మధ్యవర్తిసభ, హక్కును సాధించుకొనుటకు సమర్థమైన మార్గమును భారతదేశము కల్పింపలేదని నిర్ణయించి, పరిహారము చెల్లింపుమనెను. పొలము గట్టు తగవుతో కోర్టు మెట్లెక్కిన మన రైతు గూడ ఇట్టి జాప్యమునే అనుభవించుచున్నాడు. కాని అతడు మొరపెట్టుకొనుటకు ఏ అంతర్జాతీయ సభయు లేదు. విదేశీయునకు చట్టము ఒక త్రోవ, స్వదేశీయునకు ఒక త్రోవ చూపుట న్యాయమనిపించుకొనదు.

ఇక రెండవ పక్షము. నైజీరియా పెట్రోలియము మంత్రిత్వశాఖ 2010 జనవరిలో ప్రాసెస్ అండ్ ఇండస్ట్రియల్ డెవలప్‌మెంట్స్ అను సంస్థతో ఇరువదేండ్ల ఒప్పందము చేసికొనెను. ప్రభుత్వము గొట్టముల ద్వారా సహజవాయువు నందింపవలెను. సంస్థ కర్మాగారము కట్టి, దానిని శుద్ధిచేసి విద్యుదుత్పత్తికై తిరిగి యీయవలెను. గొట్టములు పడలేదు, కర్మాగారము లేవలేదు. అయినను సంస్థ లండనులో మధ్యవర్తుల నాశ్రయించి, రానున్న లాభమంతయు నష్టపోతినని వాదించెను. 2017లో వారు 660 కోట్ల డాలర్లను, నూటికి 7 వంతున వడ్డీతో చెల్లింపుమనిరి. 2023 నాటికి ఆ మొత్తము 1,100 కోట్ల డాలర్లు దాటెను. కట్టని కర్మాగారమునకు ఇంత ఋణము!

2023 అక్టోబరులో లండను ఉన్నత న్యాయస్థానము ఈ తీర్పు మోసముచే పొందబడినదని తేల్చెను. మంత్రిత్వశాఖలోని న్యాయాధికారికి లంచములిచ్చుట, మధ్యవర్తుల యెదుట అసత్యసాక్ష్యము చెప్పుట, నైజీరియా తన న్యాయవాదులతో జరిపిన రహస్య సంప్రదింపుల పత్రములను పొంది దాచుకొనుట – ఈ మూడును ఋజువయ్యెను. కంచెయే చేను మేసినదనుటకు ఇంతకంటె నిదర్శనమేల? లంచము పుచ్చుకొన్నవాడు ప్రజల తరపున మాట యిచ్చినవాడు కాడు; ప్రజలను అమ్మినవాడు. అమ్మినవానికి లేని హక్కు కొన్నవానికి రాదు.

అయితే ఒక హెచ్చరిక అవసరము. మోసమని అరచినంతమాత్రమున ఋణము తీరదు. అది ఋజువగుటకు నైజీరియా ఏండ్ల తరబడి పోరాడవలసి వచ్చెను. గిట్టని ఒప్పందమునెల్ల మోసమని నిరాకరించు ప్రభుత్వము, నిజముగా మోసపోయిన నాడు తన మొర నమ్మువారిని కోల్పోవును.

ఇంతకంటె చిక్కైన సందర్భము కలదు: పత్రము చట్టబద్ధమే, కాని భారము దుర్భరము. బొలీవియాలోని కోచబాంబ నగరమున నీటి సరఫరాను 1999లో నలువదేండ్లకు ఒక విదేశీ భాగస్వామ్య సంస్థ కప్పగించిరి. వేలములో నిలిచినది ఆ యొక్క సంస్థయే. 2000 జనవరిలో నీటి పన్ను కొందరికి రెట్టింపునకు మించెను. జనులు వీధులకెక్కిరి; ఒక బాలుడు ప్రాణము కోల్పోయెను; ఏప్రిలులో ఒప్పందము రద్దయ్యెను. సంస్థ అంతర్జాతీయ మధ్యవర్తిత్వమున పరిహారము కోరి, తుదకు 2006లో ఆ దావాను విడిచి, తన వాటాలను నామమాత్రముగా రెండు బొలీవియానోలకు ఇచ్చివేసెను. కాని కథ అచట ముగియలేదు. సంస్థ వెడలిపోయినను ఆ నగరపు దక్షిణ భాగమునందలి బీదల వాడలకు గొట్టపు నీరు వెంటనే చేరలేదు. అన్యాయమును తరిమినంత మాత్రమున న్యాయము తానై వచ్చి కూర్చుండదు.

ఈ మూడు వృత్తాంతములను బట్టి నాకు తోచిన నిర్ణయమిది. లంచముతో కొన్న సంతకము రాజ్యమును బంధింపదు. బహిరంగముగ, తగిన విచారణతో ఇచ్చిన మాట, నష్టము వచ్చినను, బంధించును. రెంటికి నడుమనున్న దానిని, అనగా చట్టబద్ధమైనను బీదవాని గ్రుక్కెడు నీటిని హరించుదానిని, ఉభయులు కూర్చుండి మార్చుకొనవలెను. అట్లు మార్చుకొను దారిని పత్రమునందే ముందుగా వ్రాసికొనవలెను. ఇంటిని తనఖా పెట్టునపుడు ఇంటిల్లిపాదిని పిలిచి చదివి వినిపించుట మన పెద్దల మర్యాద. దేశమును తనఖా పెట్టునపుడు ఆ మర్యాద ఇనుమడింపవలెను. సంతకమునకు పూర్వము పత్రమును ప్రజల ముందుంచుమని అడుగుట పౌరుని హక్కు మాత్రమే కాదు. ఆ ఋణమును తీర్చవలసిన మన బిడ్డల యెడ మనకు గల విధి.