పరదత్త పాలనం

తెలుగునేల మీద దొరికిన దాన శాసనాలు చాలావరకు ఒకే తీరుగా ముగుస్తాయి. రాజెవరు, దాత ఎవరు, ఏ తిథిన ఏ దేవుడికి ఎన్ని మర్తురుల భూమి ఇచ్చారు, అఖండదీపానికి ఎన్ని గొర్రెలు వదిలారు అన్న వివరాలన్నీ అయ్యాక చివర రెండు మూడు సంస్కృత శ్లోకాలు వస్తాయి. తానిచ్చినదాని కంటే ఇతరులిచ్చినదాన్ని, అంటే పరదత్తాన్ని, కాపాడితే రెట్టింపు పుణ్యమని ఒక శ్లోకం అంటుంది. ఇచ్చిన భూమిని లాక్కున్నవాడు అరవై వేల ఏళ్లు పురుగై పడి ఉంటాడని ఇంకొకటి హెచ్చరిస్తుంది. కొన్ని శాసనాల్లో ఇంతకన్నా లోతైన మాట కనిపిస్తుంది: శత్రువు చేసిన ధర్మాన్నయినా నిలబెట్టాల్సిందే, శత్రుత్వం మనిషితోనే గాని అతడు చేసిన ధర్మంతో కాదు. ఈ శ్లోకాలు ఊరూరా ఒకేలా ఉంటాయి కనుక శాసన సంపుటాలు కూర్చేవారు తరచు వీటిని ఒక్క ముక్కలో చెప్పి వదిలేస్తారు. చరిత్రకారుడికి కావలసిన పేర్లూ తేదీలూ వాటిలో ఉండవు, నిజమే. కానీ పాతదాన్ని ఎందుకు కాపాడాలన్న ప్రశ్నకు ఈ నేల తనంతట తాను ఇచ్చుకున్న జవాబు అక్కడే ఉంది.

దాత తన దానం సూర్యచంద్రులున్నంత కాలం సాగాలని కోరుకుంటాడు. తాను అంతకాలం ఉండడనీ, తన వంశం కూడా ఉండకపోవచ్చుననీ అతడికి తెలుసు. అందుకే ఆ శ్లోకాలు సొంత వారసులను మాత్రమే ఉద్దేశించి చెప్పినవి కావు. ఇంకా పుట్టని, ఏ కులమో ఏ మతమో తెలియని, తన వంశాన్ని కూలదోసి గద్దెనెక్కినవాడు కూడా కాగల మనిషికి అవి విన్నపాలు. కాకతి రుద్రమదేవి కాలంలో 1261లో వేయించిన మల్కాపురం శాసనాన్నే తీసుకోవచ్చు. శైవగురువు విశ్వేశ్వర శంభువుకు మందడం, వెలగపూడి గ్రామాలను ఇచ్చిన సంగతి అందులో ఉంది. ఆ రాబడిలో గుడికీ మఠానికీ పోగా మిగిలినది వేదశాస్త్రాలు చెప్పేవారికి, ఆరోగ్యశాలకు, ప్రసూతిశాలకు, బ్రాహ్మణుడి నుంచి చండాలుడి వరకు ఎవరు వచ్చినా అన్నం పెట్టే సత్రానికి ఎలా పంచాలో కూడా రాశారు. 1323లో కాకతీయుల రాజధాని ఓరుగల్లు పడిపోయింది. అరవై రెండేళ్లకే ఆ దానానికి అండగా ఉన్న రాజవంశం లేకుండా పోయింది. ఇవాళ ఆ ప్రసూతిశాలా లేదు, సత్రమూ లేదు, మఠమూ లేదు. రాయి మాత్రం ఉంది. రాయిని చదవగలిగినవారు ఉన్నందువల్లే అక్కడ ఒకనాడు బాలింతకు చోటుండేదని తెలుస్తోంది.

ఇక్కడే అసలు ప్రశ్న తలెత్తుతుంది. కాపాడవలసినది ఏమిటి? దేవుడినా, రాతికట్టడాన్నా, దాని వాడుకనా, లేక దాత సంకల్పాన్నా? హనుమకొండ గుట్ట మీది పద్మాక్షి గుడి ఈ ప్రశ్నకు మంచి ఉదాహరణ. కాకతి రెండో ప్రోలరాజు మంత్రి బేతన భార్య మైలమ కట్టించిన కడలాలయ జైన బసది అది. 1117 నాటి శాసన స్తంభం ఇప్పటికీ అక్కడ నిలిచి ఉంది, దాని మీద జైనమూర్తులు కూడా ఉన్నాయి. కాలక్రమంలో ఆ చోటు అమ్మవారి గుడి అయింది. బతుకమ్మ పండుగకు ఆడవాళ్లు గుట్ట కింది చెరువు దగ్గర చేరుతారు. మైలమ దానం నిలిచినట్టా, పోయినట్టా? జినుడికి పూజ జరగాలన్న ఆమె సంకల్పం ఆగిపోయింది. ఆ గుట్ట మీద దైవాన్ని తలచుకునే మనుషులు మాత్రం తొమ్మిది వందల ఏళ్ల తరువాత కూడా ఎక్కివస్తూనే ఉన్నారు. ఆ స్తంభాన్ని ఎవరూ పగలగొట్టకుండా, అవతల పారేయకుండా ఉంచినంత వరకు, కొత్త భక్తులు పాత దాతకు తమకు తెలియకుండానే బాకీ తీరుస్తున్నారని అనుకోవడమే న్యాయం.

ఆగమశాస్త్రాలు ఈ విషయంలో పురావస్తుశాస్త్రం కంటే వేరే దారి పట్టాయి. వాటి దృష్టిలో గుడి దేవుడి శరీరం. శరీరం పాతబడితే బాగుచేయాలి, భిన్నమైన మూర్తిని నీళ్లలో కలిపి కొత్తదాన్ని ప్రతిష్ఠించాలి. ఇదే జీర్ణోద్ధారణ. పని మొదలుపెట్టేముందు మూర్తిలోని కళను కుంభంలోకి ఆకర్షించి బాలాలయంలో ఉంచి పూజిస్తారు. పని ముగిశాక సంప్రోక్షణ చేసి మళ్లీ గర్భాలయానికి చేరుస్తారు. తిరుమలలో పన్నెండేళ్లకోసారి ఈ క్రతువు జరుగుతుంది, 2018 ఆగస్టులోనూ జరిగింది. దైవం కుంభంలోకి వచ్చి తిరిగి వెళ్లగలిగినప్పుడు రాయి ఎంత పాతదన్న లెక్క భక్తుడికి అంత ముఖ్యం కాదు. జపాన్‌లోని ఇసే క్షేత్రంలో ఇరవై ఏళ్లకోసారి గుడిని మొత్తంగా కొత్తగా కడతారు, 2013లో కట్టింది అరవై రెండోది. కట్టడాల పరిరక్షణకు 1964లో రూపొందిన వెనిస్ చార్టర్ మాత్రం పాత కట్టడంలో ఊహ మొదలయ్యే చోట మరమ్మతు ఆగిపోవాలంది. ఆ సూత్రం ఇసే వంటి చోట్లకు సరిపడదని గుర్తించి, ప్రామాణికత అంటే ఏమిటో ఆయా సంస్కృతుల లోపలి నుంచే చూడాలని 1994లో నారా నగరంలో నిపుణులు రాసుకున్నారు.

అయితే ఆగమమార్గం వేరు, ఇప్పుడు చాలా గుళ్లలో జరుగుతున్నది వేరు. జీర్ణోద్ధారణ పేరుతో శాసనం మీద సున్నం కొట్టడం, రాతిగోడకు ఆయిల్ పెయింట్ పూయడం, ఇసుక చిమ్మి చెక్కడాలను అరగదీయడం, పాత నేల మీద గ్రానైట్ పలకలు పరచడం ఏ ఆగమమూ చెప్పిన పని కాదు. ఆగమం దేవుడి శరీరాన్ని బాగుచేయమంది. దాత మాటను చెరిపేయమనలేదు. ఈ తేడాను ఆలయ కమిటీలకు ఓపికగా చెప్పేవారు లేనందువల్లే ఎక్కువ నష్టం జరుగుతోంది. దురుద్దేశంతో చెరిపినవారు తక్కువ, భక్తితో చెరిపినవారు ఎక్కువ.

స్థలం విషయానికి వస్తే ప్రశ్న ఇంకా కష్టమవుతుంది. శ్రీశైలం ప్రాజెక్టు వల్ల కృష్ణ ఒడ్డున ఎన్నో గుళ్లు ముంపుకు గురయ్యాయి. కృష్ణా తుంగభద్రలు కలిసే కూడవెల్లిలో బాదామి చాళుక్యుల కాలపు సంగమేశ్వరాలయాన్ని రాయి రాయికి గుర్తులు వేసి విప్పి, ఆలంపురానికి తెచ్చి మళ్లీ నిలబెట్టారు. నైపుణ్యంతోనూ భక్తితోనూ చేసిన పని అది. ఆ శిల్పాలు ఇవాళ కళ్లెదుట ఉన్నాయంటే ఆ శ్రమ వల్లే. కానీ సంగమేశ్వరుడనే పేరు నదుల కలయిక వల్ల వచ్చింది, గుడి ఇప్పుడు ఆ కలయిక దగ్గర లేదు. నంద్యాల జిల్లాలోని సప్తనది సంగమేశ్వరంలో దీనికి సరిగ్గా తలకిందులుగా జరిగింది. అక్కడి గుడి ఉన్నచోటనే ఉండి ఏడాదిలో ఎక్కువ కాలం జలాశయంలో మునిగి ఉంటుంది. ఎండాకాలం వచ్చి నీరు తగ్గగానే వేపదారు లింగం బయటపడుతుంది. ఊళ్లు ఊళ్లు కదిలి వచ్చి అభిషేకాలు చేసుకుంటాయి. నీళ్లు పెరిగితే మళ్లీ సెలవు. ఒకచోట రాయిని కాపాడుకుని స్థలాన్ని వదులుకున్నారు, ఇంకోచోట స్థలాన్ని పట్టుకుని రాయిని నీటికి అప్పగించారు. చరిత్రకారుడు మొదటిదాన్ని మెచ్చుకుంటాడు, క్షేత్రమహిమ నమ్మినవాడు రెండోదాన్ని. రెండూ అసంపూర్ణ రక్షణలే. ఒకరి పనిని ఇంకొకరు తప్పుపట్టే చోటు అది కాదు.

రాజులు పోయాక పరదత్త పాలనం ఎవరి పని అన్నదానికి ఇరవయ్యో శతాబ్దపు హైదరాబాదు ఒక సమాధానం చూపింది. 1901 సెప్టెంబరు 1న కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు, మునగాల రాజా నాయని వెంకట రంగారావు కలిసి శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం స్థాపించారు. సుల్తాన్‌బజార్‌లోని ఆ గ్రంథాలయం నుంచి, 1921లో మొదలైన ఆంధ్రజన సంఘం నుంచి వచ్చిన స్ఫూర్తితో 1922లో ఒక పరిశోధక మండలి ఏర్పడింది. మరుసటి ఏడు కొమర్రాజు కన్నుమూశారు. ఆయన జ్ఞాపకంగా అది లక్ష్మణరాయ పరిశోధక మండలి అయింది. ఆదిరాజు వీరభద్రరావు వంటివారు దాని భారం మోశారు. పాలనాభాషా చదువుల భాషా ఉర్దూ అయిన రాజ్యంలో, బళ్లలో తెలుగుకు చోటు అంతంతమాత్రమైన రోజుల్లో, వాళ్లు ఊళ్లు తిరిగి రాళ్ల మీది తెలుగును కాగితం మీదికి ఎక్కించారు. తడిపిన కాగితాన్ని రాతిమీద పరచి, కుంచెతో కొట్టి అక్షరాల గుంటల్లోకి దిగేలా చేసి, పైన సిరా అద్ది అచ్చు తీయడం గంటల తరబడి ఎండలో చేసే పని. ఆ కృషి ఫలితమే 1935లో వెలువడిన ‘తెలంగాణా శాసనములు’. రెండో భాగం పాతికేళ్ల తరువాత, 1960లో వచ్చింది.

నిజాం రాజ్యపు సరిహద్దుకు అవతల రాజమహేంద్రవరంలోనూ 1922 ప్రాంతంలోనే ఆంధ్రేతిహాస పరిశోధక మండలి పుట్టింది. అది బ్రిటిష్ పాలనలోని నేల. ఓరుగల్లు నిజాం రాజ్యంలో ఉంది. అయినా 1935లో మారేమండ రామారావు సంపాదకత్వంలో ‘కాకతీయ సంచిక’ రాజమహేంద్రవరం నుంచే వచ్చింది. ఒకే సంవత్సరంలో రెండు రాజ్యాల నుంచి ఈ రెండు పుస్తకాలు రావడం గమనించవలసిన సంగతి. కాకతీయుల దానాలు ఏ రాజ్యపు సొత్తు, ఏ సంఘపు సొత్తు అన్న పట్టింపు పెట్టుకుని ఉంటే ఆ పని జరిగేది కాదు.

పరదత్తమన్న మాటకు పూర్తి అర్థం పురావస్తు శాఖ చరిత్రలో దొరుకుతుంది. నిజాం ప్రభుత్వం 1914లో ఆ శాఖను నెలకొల్పి గులాం యజ్దానీని తొలి సంచాలకుడిగా నియమించింది. రేచర్ల రుద్రుడు 1213లో శాసనం వేయించిన పాలంపేట గుడుల మీద ఆయన రాసిన గ్రంథం 1922లో అచ్చయింది. అదే పాలంపేట రామప్ప గుడి 2021 జులైలో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కింది. అజంతా గుహల్లో బౌద్ధచిత్రాలు రాలిపోతుంటే వాటిని నిలబెట్టడానికి ఇటలీ నుంచి నిపుణులను పిలిపించినదీ ఈ శాఖే. శైవుడి దానాన్ని, బౌద్ధుల దానాన్ని ఒక ముస్లిం పండితుడు ముస్లిం రాజు ఖజానా ఖర్చుతో కాపాడాడు. దానం చేసినవారి విశ్వాసం ఆయనది కాదు. శాసన శ్లోకం అడిగింది కూడా విశ్వాసం కాదు. దాత ఎవరైనా ధర్మం చెడకూడదని మాత్రమే అది అడిగింది. ఆ కోరికను ఇంత నిండుగా తీర్చినవారు ఎక్కువమంది లేరు.

హైదరాబాదులో ఇలాంటి సంస్థలు చాలావరకు హిమాయత్‌నగర్, ఆబిడ్స్, నాంపల్లి, సుల్తాన్‌బజార్ మధ్య చిన్న పరిధిలోనే నిలిచి ఉన్నాయి. హిమాయత్‌నగర్‌లో 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ ఉంది. అదే పేటలో అంజుమన్ తరఖ్ఖీ ఉర్దూ వారి ఉర్దూ హాల్ ఉంది. బొగ్గులకుంటలో 1943 నాటి సారస్వత పరిషత్తు, నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లో రాష్ట్ర మ్యూజియం ఉన్నాయి. ఇంత దగ్గరగా ఉన్నా భాషలను బట్టి వాటి పాఠకులు విడివిడిగానే ఉండిపోయారు. కుతుబ్‌షాహీల కాలపు శాసనాలు కొన్నింటికి ఒకవైపు ఫారసీ, ఒకవైపు తెలుగు. తెలుగు చదివేవారికి సగం, ఫారసీ చదివేవారికి సగం అర్థమవుతుంది. ఆ రాయి పుట్టుకతోనే ఉమ్మడి సొత్తు. ఒకే పేటలో ఉన్న తెలుగు సంఘం, ఉర్దూ సంఘం ఒకే బల్ల ముందు కూర్చుని దాన్ని చదివితేనే దాతకు మొత్తం గొంతు వస్తుంది. వారసత్వ సంస్థలు కలిసి పనిచేయాలని ఊరికే చెప్పే మాట కాదిది, శాసనం స్వభావమే కోరుతున్న పని.

ఇప్పటి ప్రయత్నాల్లో ఆశ కలిగించేవి ఉన్నాయి. జిల్లాల్లోని ఉపాధ్యాయులు, ఉద్యోగులు, చరిత్రాభిమానులు కలిసిన కొత్త తెలంగాణ చరిత్ర బృందం సభ్యులు పొలాల్లో, చెరువుకట్టల మీద కనిపించిన శాసనాల ఫొటోలు ఒకరికొకరు పంపుకుని కలిసి చదువుతారు. ఒకరికి అందని అక్షరం ఇంకొకరికి అందుతుంది. 1984లో మొదలైన వారసత్వ పరిరక్షణ సంస్థ ఇన్‌టాక్ శాఖలు నగర కట్టడాల కోసం వాదిస్తున్నాయి. 2017లో తెలంగాణ వారసత్వ చట్టం వచ్చింది. చట్టం పడగొట్టేవాడిని ఆపగలదు గాని పాడైపోతున్నదాన్ని చదవలేదు. ఆ పని ఊరి మనిషిదే.

ఆలయ కమిటీలకూ చరిత్ర సంఘాలకూ మధ్య రాజీ కుదిరే చోటు ఆగమంలోనే ఉంది. జీర్ణోద్ధారణ జరిగినన్నాళ్లు దేవుడు బాలాలయంలో ఉంటాడు, గోడల దగ్గర పని సాగుతుంది. సున్నమూ రంగూ పడకముందే, ఏ రాయినీ కదపకముందే, ఆ వ్యవధిలో శాసనాలన్నింటికీ అచ్చులు తీసి ఒక ప్రతి గుడిలో, ఒక ప్రతి జిల్లా గ్రంథాలయంలో, ఒక ప్రతి హైదరాబాదు సంస్థల్లో ఉంచవచ్చు. దేవస్థానాలకు ఇది కొత్త సంగతేమీ కాదు. తిరుమల గోడల మీది శాసనాలను 1930ల్లో సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి చేత పరిశీలింపజేసి సంపుటాలుగా అచ్చు వేయించింది దేవస్థానమే. నిత్యపూజ ఒక్క రోజూ ఆగకుండా జరిగిన పని అది. చిన్న ఊరి గుడికి అంత స్తోమత ఉండదు. అచ్చు తీయడం వచ్చినవారిని పంపడం, చదివిన పాఠాన్ని ఊరివాళ్లకు తెలుగులో వివరించడం, ఆ ఊరి పూర్వులు ఎవరికి అన్నం పెట్టారో ఏ చెరువు తవ్వించారో వాళ్ల పిల్లలకు చెప్పడం అప్పుడు సంఘాలు పంచుకోవలసిన పనులు.