రెండు చేతులు



అధికారమును విడిచిపెట్టుట వేరు, అప్పగించుట వేరు. అలసినవాడు విడిచిపోవచ్చును. అప్పగించువాడైతే తన తరువాతివాడు బలపడవలెనని కోరవలెను.

సంఖ్యాకాండము 27వ అధ్యాయము చూడుడి. యెహోషువమీద చేయి ఉంచుమని 18వ వచనములో దేవుడు మోషేకు సెలవిచ్చెను. 23వ వచనములో మోషే చేతులుంచెను. ఆజ్ఞ ఒక చేతికి కాగా, రెండు చేతులు ఏల?

ఫ్రాన్సు దేశమున 1040 మొదలు 1105 వరకు జీవించిన రాషి అను యూదుల బోధకుడు దీనిని వివరించెను. మోషే నిండు మనస్సుతో, చెప్పినదానికంటె ఎక్కువ చేసెననియు, గుట్టగా నిండిన పాత్రవలె యెహోషువను జ్ఞానముతో నింపెననియు ఆయన భావము. ధాన్యము కొలుచు మనకు ఇది తెలియనిది కాదు. మానికను అంచుకు గీసి కొలుచువారున్నారు, గుట్టగా పోయువారున్నారు.

తన కుమారులకే ఆ స్థానము రావలెనని మోషే ఆశించెనని యూదుల మిద్రాషు చెప్పుచున్నది. అట్లయిన ఆ రెండవ చేయి ఎంత విలువైనది! కోరినవానిమీద గాక, దేవుడు చూపినవానిమీద దానిని ఉంచెను. మనుష్యుడు ఎవరినైనను చూచి అసూయపడును గాని తన కుమారునియెడలను శిష్యునియెడలను పడడని తల్మూదు చెప్పుచు, శిష్యుని విషయమై ఈ వచనమును కూడ ఆధారముగా చూపుచున్నది.

అయితే యెహోషువ మోషేకు సమానుడా? మోషే ముఖము సూర్యునివంటిది, యెహోషువ ముఖము చంద్రునివంటిదని ఆ పెద్దలే అనిరి. సమానుడు దొరకువరకు ఆగుదమనుకొన్నయెడల ఎవరికిని ఎన్నడును అప్పగింపలేము. ఒక దీపముతో మరియొక దీపము వెలిగించినందున మొదటిదానికి వెలుగు తగ్గదనియు వారు బోధించిరి.

ఒకప్పటి వరంగల్ జిల్లాలోను నేడు మహబూబాబాద్ జిల్లాలోను ఉన్న దోర్నకల్లును తలంచుకొందము. మద్రాసు బిషప్పు హెన్రీ వైట్‌హెడ్ తన ఏలుబడిలోని కొంత ప్రాంతమును విడదీసి, ఒక భారతీయునికి అప్పగింపవలెనని పట్టుబట్టెను. దొరలలోను మనవారిలోను అనేకులు ఎదిరించిరి. అయినను 1912 డిసెంబరు 29న కలకత్తాలో వేదనాయగం శామ్యూల్ అజరయ్య గారి తలపై బిషప్పులు చేతులుంచిరి. ఆంగ్లికన్ సంఘమున బిషప్పైన మొదటి భారతీయుడు ఆయనే. 1945 జనవరి 1న మరణించువరకు ఆయన ఆ సేవలోనే ఉండెను.

మన సంఘములలో పెద్దరికమునైనను, ఇంట పొలమునైనను అప్పగించునప్పుడు తరచుగా ఒక చేయి చిన్నవాని తలపై ఉండును, రెండవది తాళపుచెవులమీద ఉండును. పేరు ఆయనది, లెక్కల పుస్తకము మనది. పని చెడినప్పుడు, చెప్పితిమి గదా అందుము. అది దీవెన కాదు, ఉరి.

కాబట్టి ఎవరికైనను పని అప్పగింపబోవునప్పుడు మన రెండవ చేయి ఎక్కడ ఉన్నదో చూచుకొందము.