ట్యాంకు మీద పేరు

మా అన్న మోటారు సైకిళ్లకు రంగులేస్తాడు. ఒంగోల్లో ఒక రేకుల షెడ్డు, కంప్రెసర్, స్ప్రే గన్ను, పెన్నంత ఎయిర్ బ్రష్, డజను కుంచెలు. అదే ఆయన ఆస్తి. మొదట సైన్ బోర్డులు రాసేవాడు. ఫ్లెక్సీలొచ్చి ఆ పని ఎండిపోయాక బండ్లకు మళ్లాడు. ఆ రంగుల డబ్బుతోనే నేను డిగ్రీ చదివి సర్కారు బడిలో పంతుల్నయ్యాను.

అన్న పని చూస్తా కూచుంటే పొద్దు తెలీదు. పాత రంగును వాటర్ పేపరుతో నీళ్లు పోస్తా రుద్దుతాడు. సొట్టలకు పుట్టీ, దాని మీద ప్రైమరు, ఆ పైన రంగు. బొమ్మకు ఎయిర్ బ్రష్. మీట నొక్కితే గాలి, వెనక్కి లాగితే రంగు. దగ్గర పెడితే వెంట్రుకంత గీత, దూరం జరిపితే మబ్బు. ఆఖరికి లైనింగు. పొడుగు వెంట్రుకల కుంచె పట్టి, చిటికెన వేలు ట్యాంకు అంచుకు ఆనించి, ఊపిరి బిగబట్టి ఒక్క లాగుడు. చెయ్యి వణికితే తుడిచి మళ్లీ మొదలు. 1955లో మద్రాసు తిరువొత్తియూరులో మొదలైన బుల్లెట్టు కంపెనీ కూడా ట్యాంకు మీది బంగారు గీతను చేత్తోనే గీయించింది. ఆ బండెక్కి తిరిగేవాళ్లలో గీసిన చెయ్యిని తలుచుకునేవాళ్లెందరు?

మా తాత చెయ్యీ అట్లాంటిదే. తంగేడు చెక్కతో పదును చేసిన తోలు మీద ఆరెతో గీత పెట్టి, ఆ గీత తప్పకుండా కుట్టేవాడు. ఆ చెప్పులు ఊరోళ్ల కాళ్లకు. ఆయన మాత్రం ఊళ్లోంచి పోయేటప్పుడు తన చెప్పులు చేతబట్టుకుని నడిచేవాడు.

ఒకరోజు ఒక కుర్రాడు కొత్త బుల్లెట్టు తెచ్చాడు. సింహం బొమ్మ, దాని కింద వాళ్ల కులం పేరు కావాలన్నాడు. అన్న మూడు రోజులు కూచుని వేశాడు. నెల తిరక్కుండా అదే బండి మా పల్లె పిల్లోడికి అడ్డం నిలబడింది. అంబేడ్కర్ బొమ్మున్న బండి మీద వాళ్ల బజార్లో హారన్ కొట్టుకుంటా పోవడం వాడు చేసిన తప్పు. దిగి నడిపించుకుపొమ్మన్నారు. దిగాడు. నాకు తాత చెప్పులు గుర్తొచ్చినయ్.

ఆ రాత్రి అన్న మీద పడ్డాను. "మన మీదికొచ్చే పేరుకు నువ్వు మెరుగులు పెడతావా?"

అన్న థిన్నర్లో కుంచె కడుగుతానే అన్నాడు. "జూన్ వస్తే రిజిస్టర్లో పిల్లల కులాలు రాసేది నువ్వు కాదా? నీకు ఒకటో తారీకు జీతమొస్తది. నాకు ఆ మూడు రోజుల కూలీ పిల్లదాని ఫీజు."

నా నోరు పడిపోయింది. చేసిన వస్తువు చేసే కీడులో చేసినవాడికి పాలు లేదా? ఉంది. కానీ ఆకలితో చేసిన పనినీ, కడుపు నిండినవాడు చెప్పే నీతినీ ఒకే తక్కెట్లో ఎట్లా తూస్తాం? నీతి చెప్పేవాడు దాని ఖర్చూ భరించాలి. ఫీజు నేను కడతానన్నాను. మర్నాడు షెడ్డు గోడ మీద "కులం పేర్లు రాయబడవు" అని అన్న తన చేత్తోనే రాశాడు. కొందరు పక్క షెడ్డుకు పోయారు.

ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం కూడా 2025 సెప్టెంబరులో, అలహాబాద్ హైకోర్టు తీర్పు తర్వాత, బండ్ల మీద కులం పేర్లు తీసెయ్యమంది. వినడానికి బాగుంది. కానీ ట్యాంకు మీద చెరిపితే బజార్లో చెరుగుద్దా? పెళ్లి సంబంధాల్లో చెరుగుద్దా? వాళ్ల పేరు చెరిపినా వాళ్ల పొలం ఎక్కడికీ పోదు. మా పేరు తిట్టుగానే విన్నాం. 1994 జూలై 7న మా జిల్లా ఈదుముడిలో దండోరా మొదలయ్యాక గదా ఆ తిట్టును పేరు చివర తగిలించుకుని తలెత్తింది! రిజిస్టర్లో నేను రాసే కులం పిల్లదానికి స్కాలర్‌షిప్పు. బుల్లెట్టు మీది కులం మా పిల్లోడికి బెదిరింపు. అక్షరాలు అవే. పనులు వేరు.

ఇట్లా అనుకుంటుండగానే ఆ రోజు బండి దిగిన పిల్లోడే షెడ్డుకొచ్చాడు. "అన్నా, నా ట్యాంకు మీద 'మాదిగ' అని రాయి."

అన్న గోడ వంక చూశాడు, నా వంక చూశాడు. "రాయి" అన్నాను.

"సరే. రేపు వీడే ఈ పేరు చూపించి ఇంకో పేదోణ్ణి బండి దింపితే?"

నా దగ్గర జవాబు లేదు. పిల్లోడే అన్నాడు. "అట్లా చేస్తే నువ్వే గీకెయ్యి అన్నా."

అన్న వాటర్ పేపరు ముక్క ఒకటి చింపి వాడి జేబులో పెట్టాడు. తర్వాత కుంచె తీశాడు.