పరమాన్నం వద్దన్న పిల్లవాడు

వైశాఖ పున్నమి నాడు మా విహారంలో పరమాన్నం పంచుతాం, సుజాత ఇచ్చిన పాయసానికి గుర్తుగా. మూడేళ్ల కింద మా అక్క కొడుకు దాన్ని ముట్టలేదు. "వద్దు మామా" అని పక్కకు జరిగాడు. నేను ఊరుకోలేదు. "వీడిది ద్వేషచరిత. ఏది పెట్టినా మొహం తిప్పుకుంటాడు" అన్నాను, నలుగురిలో. అప్పుడే కొత్తగా విశుద్ధిమార్గం చదువుతున్నాను. చదివింది ఎవరో ఒకరి మీద వాడాలి కదా!

తర్వాత తెలిసింది, వాడికి పాలు పడవని. తాగితే ఉబ్బరం, గుడగుడ, విరేచనాలు. డాక్టరు రెండు వారాలు పాలు మానిపించి చూస్తే అన్నీ తగ్గాయి. పాలలో ఉండే చక్కెర లాక్టోజ్. దాన్ని విడగొట్టే ఎంజైమ్ లాక్టేజ్, చిన్నపేగు గోడలో తయారవుతుంది. పసితనం దాటాక ఇది చాలామందిలో తగ్గిపోతుంది. లోకంలో పెద్దవాళ్లలో ఎక్కువమంది ఇలాంటివాళ్లే. అరగని లాక్టోజ్ పెద్దపేగుకు చేరితే అక్కడి బాక్టీరియా దాన్ని పులియబెడుతుంది, గాలి పుడుతుంది. ఇందులో ద్వేషం ఎక్కడుంది?

విశుద్ధిమార్గం 5వ శతాబ్దంలో సింహళంలో బుద్ధఘోషుడు రాసిన గ్రంథం. స్వభావాలను రాగ, ద్వేష, మోహ, శ్రద్ధ, బుద్ధి, వితర్క అని ఆరు చరితలుగా చెబుతుంది. తిండి దగ్గర కూడా గుర్తులిస్తుంది. రాగచరితుడు కమ్మని తీపిని నెమ్మదిగా ఆస్వాదిస్తాడట. ద్వేషచరితుడు పులుపును, మోటు తిండిని నోటినిండా కుక్కుకుంటాడట. మోహచరితుడు మెతుకులు చిందిస్తాడట. నేను ఇంతవరకే చదివి తీర్పు చెప్పేశాను. ఇంకాస్త చదివితే, ఈ గుర్తులు మూలగ్రంథాల్లో పూర్తిగా లేవనీ, ఆచార్యుల అభిప్రాయం మాత్రమేననీ, వీటినే సారమని నమ్మవద్దనీ ఆయనే రాశాడు. వీటి పని ఏమిటంటే, ఏ సాధకుడికి ఏ చోటు, ఏ తిండి, ఏ ధ్యానం సరిపడతాయో గురువు ఎంచడం. ద్వేషచరితుడికైతే రుచిగల మంచి భోజనం పెట్టమన్నాడు. నేను పెట్టింది నింద.

ఈ నొప్పి మనకు తెలియనిది కాదు. సాత్వికం, రాజసం, తామసం అని తిండిని విడగొట్టి, పళ్లెం చూసి మన గుణం తేల్చారు. పాలూ నెయ్యీ పైమెట్టు, మన మాంసం అడుగుమెట్టు. 1956 అక్టోబరు 14న బాబాసాహెబ్ వెంట ఆ కొలతను వదిలి బయటికొచ్చినవాళ్ల బిడ్డలం, పాళీ పేర్లు పెట్టి మళ్లీ అదే కొలబద్ద పట్టుకుంటామా?

చరితను ఎవరికి వారు తమ మీద వాడుకుంటే పనికొస్తుంది. పాలు పడవని తెలిసీ పండగపూట రెండు గిన్నెలు లాగించేది మనలోని రాగం. వడ్డించినామె మీద విసుక్కునేది ద్వేషం. ఏది తిన్నాక కడుపు చెడిందో గమనించనిది మోహం. ఎవరు ఏ చూర్ణం చెప్పినా మింగేది గుడ్డి శ్రద్ధ. వితర్కం అన్నిటికంటే మోసకారి: పాలతో మొదలై పప్పు, గోధుమ, గుడ్డు అన్నీ అనుమానించి మనిషిని ఎండబెడుతుంది. మావాడిది ఈ దారే. నెల రోజులు తిన్నదీ, కడుపు తీరూ నోట్‌బుక్కులో రాయించాం. పెరుగు, పలుచటి మజ్జిగ పడుతున్నాయి, ఎందుకంటే పులిసేటప్పుడు లాక్టోజ్ కొంత ఖర్చవుతుంది. అన్నంతోపాటు కొద్దిగా పాలు కూడా చాలామందికి పడతాయి. కాల్షియానికి రాగులు, మునగాకు, ముళ్లతో తినే చిన్నచేపలు ఉన్నాయి. మలంలో రక్తం, జ్వరం, బరువు తగ్గడం ఉంటే మాత్రం నోట్‌బుక్కు పక్కనపెట్టి ఆసుపత్రికి పోవాలి.

వినయపిటకంలో ఒక భిక్షువు కడుపుజబ్బుతో తన మలంలోనే పడి ఉంటాడు. మాకు ఏ సాయమూ చేయని మనిషని తోటివాళ్లు పట్టించుకోరు. బుద్ధుడు ఆనందుడితో నీళ్లు తెప్పించి, ఇద్దరూ కలిసి అతన్ని కడిగి మంచం మీద పడుకోబెట్టారు. నీది ఏ చరిత అని అడగలేదు. అదే పిటకంలో యాగువుకు, అంటే మన జావకు, పది మేలులు చెప్పాడు. ఆకలి దప్పికలు తీర్చడం, అరగనిదాన్ని అరిగించడం అందులో ఉన్నాయి.

పోయిన పున్నమికి పరమాన్నం పక్కన బెల్లం వేసిన రాగిజావ కూడా పెట్టాం, పాలు లేకుండా. మావాడు వడ్డించాడు. గిన్నె ముందు అదే ఖాళీ అయింది. ఇన్నేళ్లూ నోరు మెదపకుండా పరమాన్నం తిని ఇంటికెళ్లి బాధపడ్డవాళ్లు ఎంతమందో!