కణం నాది, కన్ను నాది

2006లో జపానులోని క్యోటో విశ్వవిద్యాలయంలో షిన్యా యమనాకా ఎలుక చర్మకణంలోకి నాలుగు జన్యువులను పంపారు. ఆ కణం తన చర్మపుతనం మరిచిపోయి, పిండదశకు మళ్ళింది. అక్కడినుంచి గుండెకణమైనా నరమైనా కాగల మూలకణమైంది. మరుసటి ఏడు మనిషి కణంతోనూ ఇదే సాధించారు. 2012లో జాన్ గర్డన్‌తో కలిసి నోబెల్ బహుమతి అందుకున్నారు. పిండాన్ని చిదమకుండానే మూలకణాలు దొరికాయి గనుక ధర్మసందేహం తీరిపోయిందని చాలామంది ఊపిరి పీల్చుకున్నారు.

నా సందేహం అక్కడే మొదలైంది.

వయసు మీదపడ్డాక కొందరికి కంటి నడిమి చూపు పోతుంది. ఎదుట కూర్చున్న మనవడి చెవులు కనిపిస్తాయి, ముఖం కనిపించదు. 2014 సెప్టెంబరులో కోబే నగరంలో అలాంటి జబ్బున్న, డెబ్భై దాటిన ఒకావిడకు ఆమె చర్మం నుంచే తయారుచేసిన పొరను రెటీనా కింద అమర్చారు. దాని కొలత 1.3 మిల్లీమీటర్లు, 3 మిల్లీమీటర్లు. బియ్యపు గింజకన్నా చిన్నది. పరిశోధనకు నాయకురాలు మసాయో తకహాషి. ఏడాది తరవాత చూస్తే పొర నిలిచింది. చూపు మెరుగుపడలేదు, అలాగని తగ్గనూ లేదు.

రెండో రోగికీ కణాలు సిద్ధమయ్యాయి. పరీక్షిస్తే జన్యువుల్లో మార్పులు కనిపించాయి. అవి కేన్సరు తెస్తాయని రుజువు లేదు, తేవని పూచీ పడేవారూ లేరు. (యమనాకా వాడిన నాలుగింటిలో సి-మిక్ అనేది కేన్సరుతో చుట్టరికం ఉన్న జన్యువే.) 2015లో ఆ ఆపరేషను మానుకున్నారు.

ఆ రోగి స్థానంలో నేనుంటే ఏమనేవాణ్ణి? కణం నాది, కన్ను నాది, పోతున్న చూపూ నాదే. నా ప్రమాదం నేను పడతాను, మీరెవరు ఆపడానికి? ఈ మాటను తేలిగ్గా తోసిపుచ్చలేం. ఆపినవారు ఆ రాత్రి తమ ఇంటివాళ్ళ ముఖాలు చూసుకునే ఉంటారు.

అయినా నేను ఆపినవారి పక్షమే. చర్మం ఇచ్చినంతవరకే అది నా కణం. ప్రయోగశాలలో దాని వయసును వెనక్కి తిప్పాక అది ఏమైందో నాకు తెలియదు, తిప్పినవారికీ పూర్తిగా తెలియదు. వైద్యుడికే తెలియని ప్రమాదానికి నేను ‘సరే’ అంటే అది తెగింపే గాని సమ్మతి కాదు. ‘మీ ఒంటి కణాలే కదండీ, భయమెందుకు’ అంటూ మన ఊళ్ళలోనూ మూలకణ చికిత్స అమ్మేవాళ్ళు పట్టుకునేది సరిగ్గా ఈ ‘నాది’ అనే మాటనే. కొన్ని రక్త సంబంధ వ్యాధులకు చేసే మార్పిడి తప్ప, మరే మూలకణ చికిత్సా క్లినికల్ ట్రయల్స్ బయట చేయరాదని 2017 నాటి మన జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి.

ఆ 2017లోనే కోబేలో మరో రోగి కంట్లోకి కణాలు ఎక్కించారు. ఈసారి ముందే పరీక్షించి భద్రపరచిన కణాల నుంచి తయారుచేసినవి. అవి ఆయనవి కావు, వేరెవరో దానం చేసినవి.